డొంబోరా ఎడమ కాలు

పాపారావుకి మైకంటే భయం. నవ్వులాటకి అంటున్న మాట కాదు ఇది. రాజోలు దగ్గర కాలవగట్టు మీదున్న కల్యాణ మండపంలో పదిహేనేళ్లుగా మైకు సెట్టు చూసేది ఆయనే. పెళ్లిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ, పదవీ విరమణ సభలకీ తీగలు కలిపేదీ ఆయనే, స్పీకరు పెట్టెల చప్పుడు హెచ్చుతగ్గులు చూసేదీ ఆయనే. అయినా మైకులో ఒక్క మాట మాట్లాడడు. లోకంలో మైకువాళ్లంతా "హలో, మైక్ టెస్టింగ్" అని ఊరు హోరెత్తిస్తారు. ఈయన వేలితో మూడుసార్లు తట్టి పక్కకి తప్పుకుంటాడు. ఒక పురోహితుడికి చిర్రెత్తుకొచ్చి, "నోట్లో ముత్యాలున్నాయేంటండీ, రాలిపోతాయా?" అని అడిగాడు. పాపారావు నవ్వేసి ఇంకోసారి తట్టాడు.

ముత్యాలు కావు. ఆ నోట్లోంచి చాలాకాలం కిందట రాలిపోయిన మాట ఒకటి ఉంది. దాన్ని తిరిగి ఏరుకోవడం ఇప్పటికీ చేతకాలేదు.

ఆ మండపం అప్పట్లో టాకీసు. పాపారావుకి ఇరవై రెండేళ్లు, అసిస్టెంటు ఆపరేటరు. ఎనభై అయిదో సంవత్సరం వానాకాలంలో రావలసిన కొత్త బొమ్మ రాక, టాకీసు యజమాని ఎక్కణ్నుంచో ఒక జపాను బొమ్మ పట్టుకొచ్చాడు. వాళ్లు తీసింది, మధ్యలో ఎవరో ఇంగ్లీషు మాటలు అతికించింది. పేరు డొంబోరా. సముద్రంలోంచి కొండంత జంతువు లేచి ఊళ్లు తొక్కుతుంది, అంతే కథ. మొహం ముసలి తాబేలుది, తోక మొసలిది. కడుపు దగ్గర రబ్బరు ముడతలు పడి, లోపల మనిషున్నాడని నేల టిక్కెట్టువాడికి కూడా తెలిసిపోతూ ఉండేది. నడిచినప్పుడు ఎడమ కాలు ఈడ్చేది.

ఇంగ్లీషు మాటలు ఊరికి అర్థం కావు గనక ఆపరేటరు గదిలో ఒక మైకు పెట్టి, ఆటకి ఆట తెలుగులో కథ చెప్పించారు. చెప్పినవాడు వెంకటస్వామి. వెంకటస్వామి కొబ్బరి దింపు కార్మికుడు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించేవాడు. దానితోపాటు ఊరందరి గొంతులూ ఆయన గొంతులో ఉండేవి. కరణంగారిలా దగ్గేవాడు, కాంపౌండరులా నసిగేవాడు. ఆయనకి ఒక ముక్క ఇంగ్లీషు రాదు, జపాను సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా జపాను మంత్రిగారు పి.గన్నవరం యాసలో సైన్యాన్ని తిడుతుంటే జనం పొట్టలు పట్టుకునేవారు.

వెంకటస్వామికి జోడీ ఒకడున్నాడు, బుల్లబ్బాయి. పదిహేనో ఏటి నుంచి ఇద్దరూ కలిసే దింపుకి వెళ్లేవారు. ఒకడు చెట్టు మీదుంటే ఒకడు కింద. ఆ ఏడు జ్యేష్ఠమాసంలో బుల్లబ్బాయి చెట్టు మీంచి జారిపడ్డాడు. ఎడమ కాలు మూడు చోట్ల విరిగింది. వెంకటస్వామే భుజాన వేసుకుని కాలవ దాటించి, అమలాపురం ఆసుపత్రికి చేర్చాడు. కాలు అతికింది గాని పొట్టిదైపోయింది. ఇక చెట్టు ఎక్కే యోగం లేదన్నారు.

మూడో రోజు మ్యాట్నీలో వెంకటస్వామికి గొంతు ఎండిపోయి, "అయిదు నిమిషాలు నువ్వు చెప్పరా, సోడా తాగొస్తాను" అని మైకు పాపారావు చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే తెర మీద డొంబోరా ఒడ్డుకెక్కి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, కరెంటు టవరుని రెండు చేతులా పట్టుకుంది. కింద నాలుగొందల మంది మాట కోసం చూస్తున్నారు. పాపారావు నోటికొచ్చింది అనేశాడు.

"ఆయ్. మన బుల్లబ్బాయి గారు దింపుకి వచ్చేరండి. ఎక్కలేక చెట్టునే దింపేత్తన్నారు."

టాకీసు రేకులు ఎగిరిపోయాయి. అంత నవ్వు వెంకటస్వామికి కూడా ఎప్పుడూ రాలేదు. గోదావరి వెటకారం తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, 'గారు' అన్న మాటలోనే ముల్లంతా ఉంటుంది. ఆ నవ్వు వింటుంటే పాపారావుకి ఒళ్లంతా తేలిపోయింది. నిజం చెప్పాలంటే ఆయన జీవితంలో అంత సంతోషపడ్డది మళ్లీ లేదు. ఆయన్ని ఎక్కువగా కుళ్లబొడిచేది కూడా ఆ సంతోషమే.

కోనసీమలో మనిషికి రెండు పేర్లు. ఒకటి బారసాలనాడు పీట మీద పెట్టేది, అది ఓటరు కార్డుకి పనికొస్తుంది. రెండోది ఊరు పెట్టేది, అది కాటిదాకా వస్తుంది. వారం తిరక్కుండా బుల్లబ్బాయి డొంబోరా అయిపోయాడు. చేతికర్ర పట్టుకుని మొదటిసారి కాఫీ హోటలుకి వెళ్తే, బెంచీ మీదివాళ్లు "టవర్లు జాగర్త" అన్నారు. ఎందుకంటున్నారో ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కాఫీ తాగకుండానే వెనక్కి వచ్చేశాడు.

మైకులో కథ చెప్పేది వెంకటస్వామి అని ఊరందరికీ తెలుసు. ఆ గదిలో ఇంకొకడు ఉంటాడనీ, వాడికి నోరుంటుందనీ ఎవడనుకుంటాడు? బుల్లబ్బాయి మేనమామ పదిమందిని వెంటేసుకుని టాకీసు మీదకి వచ్చాడు. యజమాని హడలిపోయి, ఆ మాటన్నవాడెవడైనా సరే ఈ పూటతో సరి, గేటు లోపల కాలు పెట్టనివ్వను అన్నాడు. పాపారావు తలుపు చాటుకి జరిగాడు. వెంకటస్వామి ముందుకొచ్చి, "నేనేనండి" అన్నాడు.

తర్వాత గోడ పక్కకి తీసుకెళ్లి పాపారావుతో అన్నాడు, "నీకు ఉద్యోగం పోద్దిరా. నాకేం పోద్ది, చెట్లు ఎక్కడికి పోతాయి? ఆడు నా స్నేహితుడేగా, రెండ్రోజులు కోపంగా ఉంటాడు. చల్లబడ్డాక నువ్వే ఎళ్లి చెప్పు."

"ఆయ్, చెప్తానండి" అన్నాడు పాపారావు.

బుల్లబ్బాయి చల్లబడలేదు. భుజాన మోసినవాడే తన నడక మీద ఊరిని నవ్వించాడన్నది ఆయన మింగలేకపోయాడు. వెంకటస్వామి రెండుసార్లు గుమ్మంలోకి వెళ్లాడు, రెండుసార్లూ తలుపు పడింది. ఇక పాపారావు సంగతి. ముందు ఉద్యోగం పోతుందని చెప్పలేదు. తర్వాత పెళ్లి కుదిరింది, ఇప్పుడెందుకు రచ్చ అని చెప్పలేదు. టాకీసు మూతబడి ఉద్యోగం దానంతటదే పోయాక, ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. చెప్పకపోవడానికి ఆయనకి ఏ ఏడూ కారణానికి కరువు రాలేదు.

కిందటి కార్తీకంలో వెంకటస్వామి పోయాడు. పాపారావు పాడె మోశాడు.

అలాంటి పాపారావు దగ్గరికి ఈ వేసవిలో సూర్యప్రకాష్ అనే మేష్టారు వచ్చాడు. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. పుట్టింది ఈ ఊళ్లోనే, తండ్రి బదిలీతో పదో ఏట వెళ్లిపోయాడు. వెంట మేనకోడలు ప్రియాంక. కంప్యూటరు మీద సినిమాలకి గ్రాఫిక్సు చేస్తుందట. పాత జపాను భూతాల బొమ్మలంటే పడిచచ్చేవాళ్లు రెండొందల మంది ఫోన్లలో ఒక గుంపుగా ఉన్నారని, తాము అందులో వాళ్లమని చెప్పారు. డొంబోరా మంచి బొమ్మా చెత్త బొమ్మా అని ఆ గుంపులో ఆర్నెల్లుగా తగువట. తగువు తేల్చడానికి అందరూ కలిసి మళ్లీ చూద్దామనుకున్నారు. సూర్యప్రకాష్ ఆ బొమ్మ చూసిన టాకీసే ఇప్పుడు మండపం గనక, వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇక్కడే ఆట.

పాపారావుకి ఏదో వంక చెప్పి తప్పుకోవాలనిపించింది. అయినా పని పనే. శనివారం పొద్దున్నే తెర కట్టి, పెట్టెలకి తీగలు కలిపాడు. మామా మేనకోడళ్లు కొంచెం కొంచెం బొమ్మ వేసి చూసుకుంటున్నారు.

"తప్పులు లెక్కెడితే చేతివేళ్లు చాలవండి" అన్నాడు సూర్యప్రకాష్. "భూతాన్ని లేపే తీగలు కనబడతాయి. ఒకటే టవరు మూడుసార్లు కూలుద్ది. చిన్నప్పుడు ఇక్కడ బెంచీ మీద జడుసుకున్నాను. కాలేజీలో చూసి ఎగతాళి చేసేను. ఇప్పుడేమో వదలబుద్ధి కావట్లేదు."

"ఆ బుల్లి ఊరు చూడు మావయ్యా" అంది ప్రియాంక. "ఎలాగూ తొక్కేసే ఊరే కదా. అయినా డాబా మీద బట్టలు ఆరేసేరు. అగ్గిపెట్టంత కొట్టుకి బోర్డు రాసేరు. డబ్బుల్లేవు గాని ఆళ్లకి ప్రేముంది."

తర్వాత ఆమె ఫోను తీసి ఇంకో సంగతి చెప్పింది. ఆ రబ్బరు తొడుగులో ఉన్న మనిషి ముసలితనంలో ఒక పత్రికకి మాట్లాడాడట. షూటింగు రెండో రోజునే ఎడమ పాదంలో ఎముకలు విరిగాయట. ఇంకో తొడుగు లేదు, ఆ తొడుగులో పట్టే ఇంకో మనిషి లేడు, ఆపుకునే స్తోమతు కంపెనీకి లేదు. ఆ కాలితోనే పద్దెనిమిది రోజులు నడిచాడు. లోపల ఏడ్చినా పైకి కనపడదు కదా, అదొక్కటే సుఖం అన్నాడట.

"గుంపులో అందరూ ఎక్కువగా నవ్వుకునేది ఆ కుంటి నడక చూసేనండి" అన్నాడు సూర్యప్రకాష్. "ఇది చదివేక ఒక్కరూ నోరెత్తలేదు. ఇన్నాళ్లూ ఒక మనిషి నొప్పిని చూసి నవ్వేం అన్నమాట."

పాపారావు చేతిలో తీగ జారి, పెట్టె కీచుమంది. తెర మీద డొంబోరా కాలు ఈడ్చుకుంటూ ఒడ్డెక్కుతోంది. ఆ గుంపులో రెండొందల మందీ తెలియక నవ్వారు. తనకి తెలుసు. బుల్లబ్బాయి కాలు ఎన్ని చోట్ల విరిగిందో తెలిసే అన్నాడు.

"అసలైంది వినలేదు మీరు" అన్నాడు సూర్యప్రకాష్. ఆ రోజుల్లో కువైట్ నుంచి సెలవుకొచ్చిన శివశంకర్ అనే ఆయన కొత్త టేపు రికార్డరు గొప్ప చూపించుకోవడానికి దాన్ని టాకీసుకి తెచ్చి, ఆట మొత్తం పట్టాడట. ఆ కేసెట్టు ఆయన అటక మీద దొరికింది. ప్రియాంక దాన్ని శుభ్రం చేసి బొమ్మకి అతికించింది. రేపు జనం వెంకటస్వామిగారి గొంతుతోనే చూస్తారు.

మీట నొక్కింది. పోయిన మనిషి మండపమంతా పలికాడు. జపాను మంత్రి గన్నవరం యాసలో తిట్టాడు. తర్వాత ఇంకో గొంతు. "ఆయ్. మన బుల్లబ్బాయి గారు..."

"ఇక్కడ గొంతు మారింది మావయ్యా" అంది ప్రియాంక. "ఈయన ఆయ్ అని మొదలెడుతున్నాడు. ఎవరైనా అవతలోళ్లు ఏదన్నా అన్నాక కదా ఆయ్ అంటారు."

"ఆయ్, పాత కేసెట్టు కదండి, గొంతులు సాగిపోతాయి" అన్నాడు పాపారావు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. గోదావరి జిల్లాల్లో ఆయ్ అననివాడు లేడు. కాని అందరూ ఆ మాటతో ఒప్పుకుంటారు. పాపారావు మాత్రం మాట మొదలుపెడతాడు. తల్లి కూడా చిన్నప్పుడు దీనికే మొట్టేది. సూర్యప్రకాష్ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, కళ్లు దించుకున్నాడు. మర్యాదస్తుడు.

"ఆ బుల్లబ్బాయి గారు ఉన్నారటగా. రేపు పిలుద్దామనుకుంటున్నానండి" అన్నాడు నెమ్మదిగా.

"నేను పిలుస్తానండి. ఆ ముక్క మటుకు నా ఫోన్లో ఎక్కించండి."

బుల్లబ్బాయి ఇంటి వెనక కొబ్బరికాయలు వలిచే కళ్లం ఉంది. చెట్టెక్కడం పోయాక ఆయన నేలలో పాతిన ఇనుప గునపానికి కాయలు గుచ్చి పీచు వలవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అరవై అయిదేళ్లొచ్చాయి, ముక్కాలి పీట మీద కూర్చుని పనివాళ్లని చూసుకుంటాడు. పాపారావు వెళ్లేసరికి వాళ్లు చద్దికి వెళ్లారు.

"రా పాపారావూ. ఏంటిలా వచ్చేవు?"

పాపారావు ఫోను తీసి, మీట నొక్కి, పీచు గుట్ట మీద పెట్టాడు. చిన్న పెట్టెలోంచి టాకీసు వచ్చింది. ఆ మాట వచ్చింది. రేకులెగిరే నవ్వు వచ్చింది.

బుల్లబ్బాయి ఆ మాటని ఇన్నేళ్లుగా ఊరి నోట విన్నాడు గాని, పుట్టిన చోట ఎప్పుడూ వినలేదు. మొహం నల్లబడిపోయింది.

"ఇది ఎంకటస్వామి గొంతు కాదు."

"కాదు అన్నయ్యా."

"నీదే."

"నాదే."

"ఇంకోసారి ఎయ్యి."

వేశాడు. ఈసారి బుల్లబ్బాయి ముందుకి వంగి, నవ్వు అయిపోయేదాకా విన్నాడు. నవ్వు అడుగున, మైకుకి దూరంగా, సోడా తాగి అప్పుడే గదిలోకొచ్చిన మనిషి గొంతు సన్నగా ఉంది. జనం గోలలో ఆనాడు ఎవరికీ వినపడలేదు. ప్రియాంక శుభ్రం చేసేసరికి పైకి తేలింది.

"తప్పురా. ఆడి కాలు మీద అనకూడదురా."

పాపారావుకి ఆ మాట గుర్తుంది. అది తనొక్కడికే తెలుసనుకున్నాడు ఇన్నాళ్లూ. తనతోపాటే పోతుందనుకున్నాడు.

బుల్లబ్బాయి ఫోను తీసి పాపారావు చేతిలో పెట్టాడు. "ఆడు పోయిననాడు ఈది చివరిదాకా వచ్చేను పాపారావూ. చూసి పోదామనే వచ్చేను. అప్పుడే లేపేరు. ముందు వైపు నువ్వు భుజం పెట్టేవు. ఆహా, ఇతనికున్న పాటి మంచితనం నాకు లేకపోయిందే అనుకుని సిగ్గేసి తిరిగొచ్చేసేను."

తిట్టినా బాగుండును, ఆ గునపం పీకి మీదికొచ్చినా బాగుండును అనిపించింది పాపారావుకి. తను చేసిన దానికి ఎదుటివాడు సిగ్గుపడ్డాడన్నది భరించడం ఆయన వల్ల కాలేదు.

"కొట్టు అన్నయ్యా" అన్నాడు.

"నిన్ను కొడితే ఆడొత్తాడా?" బుల్లబ్బాయి కర్ర అందుకున్నాడు. "రేపు ఆ మండపంలో, మైకులో, నీ నోటితో చెప్పు ఆ గొంతు నీదని. ఊరు ఇనాలి. ముందు మాణిక్యానికి చెప్పాలి. పద."

మాణిక్యం వెంకటస్వామి భార్య. ఇల్లు కాలవ అవతల. మోపెడు తెస్తానన్నాడు పాపారావు. "నడుద్దాం" అన్నాడు బుల్లబ్బాయి. వంతెన మీద ఆయన ముందు, పాపారావు వెనక. ఆ ఎడమ కాలు ఒక్కో అడుగుకీ ఎంత వెనకబడుతుందో, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలో ఇన్నేళ్లూ ఒకే ఊళ్లో ఉండి కూడా పాపారావు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. చూడకుండా తప్పుకుని తిరిగాడు. ఇవాళ తప్పుకోవడానికి దారి లేదు.

గేటు కిర్రుమంది. మాణిక్యం అరుగు మీద కొబ్బరాకులు ముందేసుకుని చీపుర్లకి ఈనెలు చీరుతోంది. తలెత్తి బుల్లబ్బాయిని చూసి, చేతిలో కత్తి కింద పెట్టింది. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. బుల్లబ్బాయి కూర్చున్నాడు, కాలు చాపుకున్నాడు.

"చెప్పు" అన్నాడు పాపారావుతో.

"ఆయ్" అన్నాడు పాపారావు. అంతే. కళ్లమ్మట నీళ్లు మాత్రం వచ్చాయి.

మాణిక్యం ఆకులు పక్కకి నెట్టి, "నాకు తెలుసండి" అంది. "ఆ ఏడే చెప్పేరు మా ఆయన. ఎళ్లి బుల్లబ్బాయి గారికి నేను చెప్తానంటే ఒద్దన్నారు. పాపారావు చెప్తానన్నాడు, ఆడే వస్తాడు, మనం చెప్తే ఆడి మాట పోద్ది, నువ్వు నోరెత్తకు అనేవోరు."

బుల్లబ్బాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మీ మీద కోపం లేదండి ఆయనికి" అంది మాణిక్యం. కొత్త ఈనె తీసుకుంది గాని చీరలేదు. "పోయే ముందురోజు కూడా గేటు చప్పుడైతే, పాపారావొచ్చేడేమో చూడవే అన్నారు. ఎళ్లి చూసేను. పక్కింటోళ్ల దూడండి."

రేపు మూడు గంటలకి మైకు ముందు నిలబడడం పాపారావుకి ఇప్పుడు ఒక లెక్కలోకి రాలేదు. అది ఊరు వినే మాట, చెప్పేస్తాడు. వినవలసినవాడు ఆ గేటు వంక చూస్తూ పోయాడు. తాము వచ్చినప్పుడు తీసిన గేటు ఇంకా తెరిచే ఉంది. పాపారావు వెళ్లి దాన్ని దగ్గరగా వేసి వచ్చాడు.